పరదా దాటిన చెయ్యి

"అమ్మా, చెయ్యి" అన్నాడు కాంపౌండరు సూరిబాబు.

వసారాలో ముక్కాలిపీట మీద కూర్చుని, చెక్కపెట్టె తెరిచి, స్పిరిట్టు సీసా, గాజు పలకలు, సన్నటి గాజు గొట్టం తువ్వాలు మీద పేర్చుకున్నాడు. ఆయనకెదురుగా గుమ్మానికి పచ్చపూల పరదా వేలాడుతోంది. దాని అవతల్నించి ఒక చెయ్యి రావాలి. నెలకోసారి వస్తుంది. వేలు పొడిపించుకుని లోపలికి వెళ్ళిపోతుంది. ఆ చేతి తాలూకు మొహం ఎలా ఉంటుందో సూరిబాబుకి ఇవాళ్టికీ తెలీదు.

ఆ ఇంట్లో పరదా మరీ పాతదేం కాదు. పరుపులూ రజాయిలూ కుట్టే కుటుంబం వాళ్ళది. మగాళ్ళు భుజాన విల్లేసుకుని వీధులంట తిరిగి దూది ఏకినన్నాళ్ళూ ఆడవాళ్ళూ సూదీ దారం పట్టుకుని వెనకాలే తిరిగేరు. అప్పుడు ఎవరికీ ఏ అడ్డూ లేదు. అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకెళ్ళే దారిలో సొంత కొట్టు తెరిచి, కొట్టు మీద పెద్దక్షరాల బోర్డు పెట్టేక, ఇంటి పెద్దావిడ సర్వర్ జహాన్‌కి కోడళ్ళ మొహాలు పరాయివాళ్ళు చూడకూడదని తోచింది. బోర్డూ పరదా ఒకే నెల్లో వచ్చేయి.

పరదా వెనక ఇద్దరు కోడళ్ళూ ఉన్నారు. పెద్దకోడలు వజీరున్నీసాకి రొమ్ములో గడ్డ లేచి విశాఖపట్నంలో ఆపరేషనయింది. అప్పట్నుంచీ నెలనెలా రక్తం చూడాలని ఊళ్ళో డాక్టరు సన్యాసిరావు గారి పట్టు. చిన్నకోడలు రెహానా ఊరికే తోడు నిలబడ్డానికొచ్చింది. ఎప్పుడూ అంతే. అక్క ఒక చెయ్యి బయటపెడితే రెండో చెయ్యి తను పట్టుకుంటుంది.

ఇవాళ అక్క చెయ్యి కదల్లేదు.

"అక్కా, పిలుత్తన్నాడు."

"నువ్వియ్యి."

"ఏటి?"

"నీ సెయ్యి పెట్టు రెహానా. నీ కాళ్ళు పట్టుకుంటాను." వజీరున్నీసా గొంతు పక్కనున్న మనిషికే సరిగ్గా వినపడటం లేదు. "సూదికి కాదే నా బయం. రగతం ఎల్లిన కాణ్ణించి కాయితం వచ్చేదాకా నాకు మెతుకు దిగదు, కన్ను మూతపడదు. కాయితం వచ్చేక నాలుగు రోజులు బాగుంటాను. ఈలోగా మళ్ళీ నెలొచ్చేత్తాది. ఈ ఒక్క నెలా నన్నొగ్గెయ్యి. నీ రగతం మంచిది, అది పంపు. ఈ నెల్లాళ్ళూ నేను మనిసిలా బతుకుతాను."

"అమ్మా, బేగి కానియ్యండి. నాకింకా వేరే ఇళ్ళున్నాయి" అన్నాడు సూరిబాబు.

"ఏటే వజీరా, నిద్రపోతన్నావా?" అని వసారాలోంచి అత్త సర్వర్ జహాన్ కసురుకుంది.

రెహానాకి కాదనే వ్యవధి లేకపోయింది. నిజం చెప్పాలంటే కాదనాలని కూడా అనిపించలేదు. బళ్ళో ఒకత్తి బదులు ఇంకొకత్తి హాజరు పలికినట్టే కదా, దీంట్లో పోయేదేముంది అనుకుంది. ఎడంచెయ్యి పరదా దాటించింది.

సూరిబాబు ఉంగరం వేలు పట్టుకుని స్పిరిట్టు దూదితో తుడిచి, నొక్కి చూసేడు.

"ఈసారి వేలు గట్టిపడిందేటమ్మా?"

రెహానా చెయ్యి వెనక్కి లాక్కోబోయి ఆగింది. రజాయి కుట్టేటప్పుడు కింద పట్టుకున్న చేతికి సూది మొన తగిలి తగిలి వేళ్ళ చివర్లు బండబారిపోతాయి. అక్క సూది ముట్టి ఎన్నాళ్ళయిందో.

"చలి రోజులు కదా, కొట్టుకి గిరాకీ ఎక్కువగుంది. ఊరుకోమన్నా ఊరుకుంటాదా? సూది పట్టేసుంటాది" అని అత్తే జవాబు చెప్పేసింది.

సూరిబాబు చురుక్కున పొడిచేడు. మొదటి చుక్క తుడిచేసి, రెండో చుక్కని గొట్టంలోకి నోటితో పీల్చి, ఇంకో చుక్క గాజు పలక మీద పెట్టి పల్చగా లాగేడు. పలక ఆరేలోగా పెన్సిలు అందుకున్నాడు.

"పేరు చెప్పాలమ్మా. తెలిసినా సరే అడిగే రాయాలని డాక్టరు గారి రూలు."

"వజీరున్నీసా" అంది రెహానా.

వెనక్కి తిరిగేసరికి అక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఆపరేషనయ్యేక ఆవిడ నవ్వగా రెహానా చూడ్డం అదే మొదలు. ఆ నవ్వు చూసి తనకీ నవ్వాగలేదు. ఇద్దరూ వంటింట్లోకి పరిగెత్తి తలుపేసుకుని మరీ నవ్వేరు.

ఆ పూట వజీరున్నీసా వంకాయా ఎండురొయ్యల కూరతో రెండోసారి అన్నం వడ్డించుకుంది.

*

మామూలుగా కాయితం పెద్దకొడుకు రహమాన్ తెస్తాడు. ఈసారి కబురు ముందే వచ్చింది. సూరిబాబు ఎక్కడికో పోతూ పోతూ సైకిలు ఆపి, వీధరుగు మీదున్న సర్వర్ జహాన్‌తో, "మీ కోడలి గారికి ప్లేట్లెట్లు ఏడు లక్షలు దాటేయమ్మా. ఎప్పుడూ రెండున్నరే కదా. డాక్టరు గారు మీ అబ్బాయిని రమ్మన్నారు" అని చెప్పి పోయేడు. సర్వర్ జహాన్‌కి ఏడూ రెండున్నరా అర్థమయ్యేయి. ఇంకేమీ అక్కర్లేకపోయింది.

"రగతం మూడింతలయిందటే!" అని ఇల్లంతా వినిపించేలా కేకేసింది. "మేక కార్జం తినిపించమని నేను మొత్తుకుంటే ఒక్కరైనా విన్నారా? సూడండిప్పుడు!"

ఆవిడే స్వయంగా పొయ్యి దగ్గర కూర్చుని కొత్తబెల్లం వేసి సేమ్యా కాచింది. పెద్దకోడలి నోట్లో ముద్ద పెట్టి, తల మీద చేతులు తిప్పి మెటికలు విరిచింది. వజీరున్నీసా ఆ ముద్ద మింగుతూ ఓరగా తోటికోడలికేసి చూసి కన్ను గీటింది. రెహానా దూది ఏరుకుంటూ తల వంచుకుంది. లోపల మాత్రం పొంగిపోతోంది. ఈ ఇంటికొచ్చిన ఇన్నాళ్ళకి తనదేదో మెచ్చుకున్నారు, ఎవరిదో తెలీకుండానైనా సరే! నా రగతమే మీరు పండగ చేసుకుంటున్నది అని అరవాలనిపించింది. దానికి తోడు ఆమె దగ్గర ఇంకో రహస్యం కూడా ఉంది. కొన్నాళ్ళుగా పొత్తికడుపులో ఏదో బరువు. ఈ ఇంట్లో ఆమెకింకా పిల్లల్లేరు. ఆశపడి ఎవరికీ చెప్పలేదు, చెబితే జారిపోతుందేమోనని. ఇంత మంచి రక్తం ఉంది కాబట్టి అది కూడా నిజమే అయ్యుంటుంది అనుకుంది.

సాయంత్రం రహమాన్ చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చేడు.

"సేమ్యా తిను నాయనా" అంది తల్లి.

"ఎవరు సెయ్యమన్నారమ్మా ఇప్పుడిది?" అన్నాడతను. తల్లినీ తమ్ముణ్ణీ దూది నిలవుంచే గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసేడు. పక్క గదిలో రెహానా పరుపు అంచు కుడుతోంది. మధ్యనున్నది తడిక. గుసగుసలు కూడా ఇవతలికొచ్చేస్తాయని ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఆ వేళ ఎవరికీ గుర్తులేదు.

"అది మంచికి పెరగలేదమ్మా. దెబ్బ తగిలితే రగతం గడ్డ కట్టించేవట అవి. ఉండాల్సినన్ని ఉంటే మంచిదే. ఈ జబ్బు వచ్చిన మనిసికి ఊరికే అలా పెరిగిపోతే, జబ్బు లోపలెక్కడో మళ్ళీ పాకతందని గుర్తట. డాట్రు గారు ఇంగ్లీసు పుస్తకాల్లో సదివేరు. అలా పెరిగినోళ్ళు..." అని ఆగేడు. "ఎక్కువ కాలం ఉండరట."

చిన్నకొడుకు అల్లావుద్దీన్ అడిగేడు, "తప్పకుండా అదేనా అన్నయ్యా?"

"ఇంకేవో కారణాలకీ పెరగొచ్చట. ఒంట్లో వాపులున్నా, రగతం పోయినా. ఒకసారి సూసి సెప్పెయ్యకూడదన్నారు. సూరిబాబుని మళ్ళీ పంపుతారు. అప్పుడూ అలాగే ఉంటే విశాపట్నం తీసుకుపొమ్మన్నారు. కానీ ఆయన మొహం సూత్తే నాకు తెలిసిపోయింది."

రెహానా చేతిలో దబ్బనం సగం దిగి ఆగిపోయింది. ఉంగరం వేలి చివర చిన్న నల్లచుక్క. సూరిబాబు పొడిచిన చోటు. దానికేసి చూస్తూ ఉండిపోయింది. వాళ్ళు మాట్లాడుతున్నది పొయ్యి దగ్గర కూర్చుని సేమ్యా తింటున్న మనిషి గురించి కాదు. తన గురించి.

అవతల సర్వర్ జహాన్ ఏడిచింది. మనసారా ఏడిచింది, అందులో నటనేమీ లేదు. పెద్దకోడల్ని ఆవిడ కూతురిలా చూసుకున్న మాటా నిజమే. ఏడ్చి ముక్కు తుడుచుకున్నాక అంది:

"నక్కపల్లిలో నా చెల్లెలి ఆడబడుచు కూతురొకత్తుంది. ఇప్పుడే కాదులే. మాట వరసకంటన్నాను. నీకిద్దరు గుంటలున్నారు, ఆళ్ళకి ఒండిపెట్టే మనిసుండాలి కదా."

"అమ్మా!" అన్నాడు రహమాన్. అంతే అన్నాడు. వద్దని మాత్రం అనలేదు.

*

మర్నాటికి ఇల్లు మారిపోయింది.

ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు, అయినా అందరూ ఒకేలా మారేరు. వజీరున్నీసా ఎదురుపడితే గొంతులు తగ్గించేవారు. ఆవిడ చేతిలో చీపురు లాక్కునేవారు. మాంసం కూరలో మంచి ముక్కలు ఆవిడ పళ్ళెంలోకే వెళ్ళేవి. అడక్కుండానే రహమాన్ భార్యకి మల్లెపూల రంగు చీర కొనుక్కొచ్చేడు. అది కట్టుకుని ఆవిడ వాకిట్లోకొస్తే మొహం పక్కకి తిప్పుకున్నాడు. చూసిపోదామని వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆవిణ్ణి బతికున్న మనిషిని పలకరించినట్టు పలకరించలేదు. ఎంత మంచి పిల్లో, ఏ వేళ ఏ మాట పడ్డా ఎదురు చెప్పి ఎరగదు అని ఆవిడ ముందే ఆవిడ గురించి చెప్పుకున్నారు. పెద్దకోడలి నడుమునుండే తాళాలగుత్తి, బరువెందుకులే అని అత్త తీసుకుని తన నడుమున దోపుకుంది.

ఇవన్నీ రెహానా చూస్తూనే ఉంది. చూసిన ప్రతీదీ తనకే తగులుతోంది. ఇదిగో, ఇలా చేస్తారన్నమాట నాకు. ఇలా గొంతు తగ్గిస్తారు. నాకు తాళాలు లేవు కాబట్టి గాజులు తీసుకుంటారు. అల్లావుద్దీన్ కూడా "అమ్మా!" అనేసి ఊరుకుంటాడు. దూది ఏకే విల్లు మోగుతుంటే ఇన్నాళ్ళూ చెవికే ఆనేది కాదు. ఇప్పుడు ఆ వింటినారి తెగేలా మోగే మోత సరిగ్గా తన పొత్తికడుపులోనే మోగుతున్నట్టుంది. నడుస్తూ నడుస్తూ ఆగి అక్కడ చెయ్యేసి నొక్కి చూసుకునేది. మొన్నటిదాకా ఆశ అనుకున్న బరువు అక్కడే ఉంది. అదేమిటో ఇప్పుడు తెలీటం లేదు. బిడ్డా, గడ్డా? ఆ మాట మనసులో అనుకున్నందుకే తోబా తోబా అని చెంపలేసుకుంది.

భోజనమయ్యేక చేతులు కడుక్కుంటూ అల్లావుద్దీన్ అన్నాడు, "పాపం అన్నయ్య. అల్లా దయ, మనకా కష్టం రాలేదు. నువ్వు రాయిలాగున్నావు."

రెహానా చెంబుతో నీళ్ళు పోస్తూ పోస్తూ అతని చేతులు దాటించి గచ్చు మీద పోసేసింది.

మధ్యాహ్నం అత్త ఒక సగం కుట్టిన రజాయి తెచ్చి రెహానా ఒళ్ళో పెట్టింది. కెంపురంగు శాటిను, చుట్టూ ఆకుపచ్చ అంచు. వజీరున్నీసా తన కూతురి పెళ్ళికి పనికొస్తుందని జబ్బుకి ముందు మొదలెట్టింది. "నువ్వు పూర్తి సెయ్యమ్మా. దానికింక..." అని మాట మింగేసి వెళ్ళిపోయింది. రెహానా పైన టాకా కుట్లు వేస్తూ, కింద చేతికి సూది తగుల్తూ, ఎవరిది ఎవరు పూర్తి చేస్తున్నారో ఆలోచించి ఆలోచించి వాంతి చేసుకుంది.

వజీరున్నీసాకి ఇదంతా తెలీదా? కబురొచ్చిన సాయంత్రమే రెహానా చెప్పేసింది. ఆ రోజే నూతి దగ్గర రెహానా చెయ్యి పట్టుకుని, "నడు, సెప్పేద్దాం" అంది. రెహానాయే కాళ్ళకి చుట్టుకుంది.

"వద్దక్కా! నీ పిల్లల మీద ఒట్టు. ఎవరికీ సెప్పకు. నాకేటీ లేదు. ఇంకేవో కారణాలకీ పెరగొచ్చని డాట్రే అన్నాడట."

"అయితే ఆ కారణమేటో సూపించుకోవాలి కదే."

"సూపించుకుంటాను. నాకు ధైర్యం రానీ."

అలా మాట తీసుకున్నది తనే. అయినా అక్కని చూస్తే రెహానాకి ఒళ్ళు మండిపోతోంది. ఆవిడ అన్నం తింటోంది. చచ్చిపోతుందని ఇల్లంతా ఏడుస్తుంటే ఆవిడ వంకాయ కూర అడిగి వేయించుకుని తింటోంది, పిల్లలకి జడలేస్తోంది. నెల్లాళ్ళు మనిషిలా బతుకుతానంది, అలాగే బతుకుతోంది. ఎందుకు బతకదు? ఆ ఏడు లక్షలు ఆవిడవి కావు కదా!

పెరట్లో నవారు మంచం మీద బూరుగుదూది ఎండబోస్తూ ఆ మాట నోరు జారనే జారింది.

"నీకేటక్కా, నీ గండం నాకు తగిలించి హాయిగున్నావు."

వజీరున్నీసా చేతిలో దూది అలాగే ఉండిపోయింది. దానికేసే చూస్తూ అంది, "నీ రగతంలో ఉన్నది నేను పెట్టలేదు రెహానా. కానీ అడిగింది నేను, అది నిజమే." దూది మీద వల కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి లోపలికెళ్ళిపోయింది.

ఆ మాట అన్నందుకు రెహానాకి సిగ్గేసింది. అయినా వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

*

సూరిబాబు మళ్ళీ వచ్చి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఇవాళ రహమాన్ కూడా కొట్టుకెళ్ళకుండా వసారాలో గోడకానుకుని నిలబడ్డాడు. పరదా వెనక ఇద్దరూ ఎప్పట్లాగే ఉన్నారు.

రెహానా రాత్రంతా ఆలోచించి ఒక దారి కనిపెట్టింది. అది అక్క చెవిలో గబగబా చెప్పేసింది. "ఇవాళ నీ సెయ్యే పెట్టక్కా. లెక్క మంచిగా వత్తాది. మొన్నటిది తప్పు లెక్కనుకుంటారు. నీ తాళాలు నీకిచ్చేత్తారు. నక్కపల్లి మాట ఎవరూ ఎత్తరు. ఇంక ఎవరికీ ఏటీ తెలీదు."

"మరి నీకు?"

"నాకేటీ లేదన్నాను కదా."

వజీరున్నీసా ఆమె మొహంలోకి చూసింది. చెయ్యి పరదా దాటించింది. రెండో చెయ్యి రెహానా పట్టుకుంది. చల్లగా ఉంది.

"ఇవాళ వేలు మెత్తబడిందమ్మా" అన్నాడు సూరిబాబు. అతను పొడిచేడు, తుడిచేడు, పీల్చేడు, పలక మీద లాగేడు. "పేరు?"

"వజీరున్నీసా."

రాసుకుని పెట్టె ముయ్యబోయేడు. రెహానా గుండెల నిండా గాలి పీల్చుకుంది. అయిపోయింది. ఎవరికీ తెలీదు.

"పెట్టె ముయ్యకు బాబూ" అంది వజీరున్నీసా.

పరదా పక్కకి జరిగింది. ముసుగు లేకుండా, నెత్తి మీద కొంగైనా సరిగ్గా లేకుండా, వజీరున్నీసా వసారాలోకి వచ్చేసింది. రెహానా మణికట్టు పట్టుకుని లాక్కునే వచ్చింది. సూరిబాబు గబుక్కున తల దించుకుని పెట్టెలోకి చూసేడు.

"ఓలమ్మో, ముసుగేదే!" అంది సర్వర్ జహాన్.

"మొన్న నా సెయ్యి కాదత్తా." వజీరున్నీసా తోటికోడలి అరచెయ్యి వెల్లకిలా తిప్పి అందరి ముందూ పెట్టింది. "ఇది. నా బాధ నేను పడలేక దీని సెయ్యి పెట్టించేను. ఆ ఏడు లక్షలూ దీని రగతంలోవి. నన్నేటైనా అనండి. దీన్ని మాత్రం డాట్రుకి సూపించండి."

రెహానాకి భూమిలోకి దిగిపోవాలనిపించింది. చెయ్యి లాక్కోబోయింది, అక్క పట్టు సడల్లేదు. సర్వర్ జహాన్ లేచి వచ్చి, ఆ ఉంగరం వేలు తన వేళ్ళ మధ్య పెట్టుకుని తడిమింది. ఒకప్పుడు విల్లు వెనక సూది పట్టుకుని ఊరంతా తిరిగిన మనిషి ఆవిడ. ఆవిడ వేళ్ళూ అలాగే ఉంటాయి. ఆ రోజు వేలు గట్టిపడిందేమని సూరిబాబు అడిగితే సూది పట్టేసిందని జవాబు చెప్పింది తనే. మొన్న పెద్దకోడలి విషయంలో చేసినట్టు ఆవిడ ఏడవలేదు. రెహానా నెత్తి మీంచి జారిన కొంగు సరిచేసి, నడుమునున్న తాళాలగుత్తి తీసి వజీరున్నీసా చేతిలో పెట్టి, సూరిబాబుకేసి తిరిగింది.

"దీనిది కూడా తియ్యి నాయనా."

సూరిబాబు కొత్త సూది తీసేడు. బండబారిన వేలిని ఈసారి అతను కాస్త గట్టిగానే పొడవాల్సొచ్చింది. కొత్త పలక మీద చుక్క లాగి, ఆరబెట్టి, పెన్సిలు పట్టుకున్నాడు.

"పేరు చెప్పాలమ్మా."

"వజీరు..." అంది రెహానా.

"నీది సెప్పే" అంది అక్క మెల్లగా.

"రెహానా."

సూరిబాబు రాసుకున్నాడు. రెండు పలకల్నీ పక్కపక్కనే పెట్టెలో పెట్టి, వంచిన తల ఎత్తకుండానే సైకిలెక్కేడు.

ఆ మధ్యాహ్నం సర్వర్ జహాన్ ఇద్దరు కోడళ్ళకీ తనే వడ్డించింది. వంకాయా ఎండురొయ్యల కూర. రెహానా పళ్ళెం ముందు కూర్చుంది గానీ మెతుకు నోటిదాకా రాలేదు. తల తిప్పి చూస్తే, ఇన్నాళ్ళూ అడిగి అడిగి వేయించుకున్న వజీరున్నీసా కూడా అన్నం కెలుకుతూ కూర్చుంది.

"నువ్వేటక్కా, తినవూ?"

"ఎలా తింటానే?" అంది వజీరున్నీసా. "ఇవాళ నా రగతం కూడా ఎల్లింది కదా."

రెహానా అప్పటిదాకా తన పలక గురించే ఆలోచిస్తోంది. ఆ పెట్టెలో దాని పక్కన ఇంకో పలక ఉందని, దాని మీద ఏముందో కూడా ఎవరికీ తెలీదని అప్పుడు గుర్తొచ్చింది. అక్క అడిగిన ఒక్క నెలా ఇంకా మిగిలే ఉంది. ఆ నెల ఉంచుకోవాలనుకుంటే ఆవిడ ఇవాళ కూడా తోటికోడలి చేతినే బయటికి తొయ్యగలిగేది. ఒక్క మాట అడిగితే తనే మళ్ళీ పెట్టేది.

రెండు పళ్ళాలూ పక్కకి జరిపేసి ఇద్దరూ లేచేరు. కెంపురంగు రజాయి మధ్య గదిలో పరిచి ఉంది. వజీరున్నీసా ఒక అంచు దగ్గర కూర్చుని, చాలాకాలం తరవాత సూదిలోకి దారం ఎక్కించింది. రెహానా రెండో అంచు పట్టుకుంది.

"కాయితం ఎప్పుడొత్తాదక్కా?"

"వత్తాది. అంతదాకా కుట్టు" అంది వజీరున్నీసా.